ఆదివారం ఆటలో వదిన వంతు

మా ఇంట్లో ఆదివారం భోజనాలయ్యాక ఎవరూ నడుం వాల్చరు. నేను వాల్చనివ్వను. బెంగాల్లోని ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మాది రైల్వే క్వార్టర్. ముందు చిన్న వరండా, దిగడానికి రెండు మెట్లు, మెట్ల పక్కన కరివేప చెట్టు. వరండాలో చాప పరిచి మధ్యలో అట్టముక్కల కట్ట పెట్టామంటే సాయంత్రం టీ దాకా ఆటే. నేను శ్రీకాకుళం దగ్గర నుంచి కోడలిగా ఈ ఇంటికి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. ఆ ఆట నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

దాన్ని మేము చెప్పకుండా చెప్పే ఆట అంటాం. రెండు జట్లు. ఒకరు కట్టలోంచి ఒక అట్ట తీస్తారు. దాని మీద పైన ఒక మాట, కింద మరో మూడు మాటలు రాసి ఉంటాయి. పైనున్న మాటను తన జట్టు చేత పలికించాలి. కానీ ఆ మాట తాను అనకూడదు, కింద ఉన్న మూడు మాటలు కూడా అనకూడదు. చీపురు వచ్చిందనుకోండి, చెత్త, ఊడ్చడం, వాకిలి అనే మాటలు నోట రాకుండా చీపురు అనిపించాలి. ఈలోగా అవతలి జట్టు అరవై దాకా లెక్కపెడుతుంది.

మా అత్తగారు పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. అన్నీ తెలుగులోనే చెప్పాలి. ఈ ఊళ్ళో అది ఎంత కష్టమో ఆడినవాళ్ళకే తెలుస్తుంది. కూరగాయల దగ్గర బెంగాలీ, ఆఫీసులో హిందీ, రైలు సంగతంతా ఇంగ్లీషు. ఇంట్లో మాట్లాడేదాంట్లో తెలుగు ఎంతో, తక్కినవి ఎంతో మాకే తెలియదు. డ్యూటీ, సిగ్నల్, క్వార్టర్ లాంటివాటికి అత్తగారు మినహాయింపు ఇచ్చారు. మిగతా ఏ పరాయి మాట దొర్లినా మెట్లు దిగి కరివేప చెట్టు దగ్గర ఒక వంతు అయ్యేదాకా నిలబడాలి. మా ఆయన నోట ప్రతి మాటకు ముందు ‘అచ్ఛా’ ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఆయన్ని వరండాలో కంటే ఆ చెట్టు దగ్గరే ఎక్కువగా చూశాను.

ఈ ఆటకు మహారాణి మా వదిన, అంటే మా ఆయన అక్క. మామగారు సర్వీసులో ఉండగానే పోతే, పంతొమ్మిదో ఏట ఆవిడకు రైల్వే ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. అప్పటికి తమ్ముడికి పన్నెండేళ్ళు. తల్లినీ తమ్ముణ్ణీ ఆవిడే నడిపించింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని నేను ఒకసారి ధైర్యం చేసి అడిగితే, “తీరిక దొరకలేదు” అంది. నా పెళ్ళయిన రెండేళ్ళకు తన పేరు మీద క్వార్టర్ వస్తే రెండు వీధుల అవతలికి మారిపోయింది. కానీ ఆదివారం పొద్దున పదింటికల్లా మా ఇంటి గేటు చప్పుడయ్యేది. ఆవిడకు ఇల్లంటే ఆ ఒక్కరోజే.

వదిన అట్ట తీసిందంటే చూడాలి. ఒక్క చూపు చూసి, అట్టను ఒళ్ళో బోర్లించి, కొంగు సర్దుకుని మొదలుపెట్టేది. “కొత్త కోడలు ఇస్తరి ముందు కూసుని దీన్ని కొరికితే, పందిరంతా తలెత్తి సూస్తాది.” నేను వెంటనే “అప్పడం” అనేదాన్ని. లెక్క పది కూడా దాటేది కాదు. నేను ఎప్పుడూ ఆవిడ జట్టే. మేము ఓడిపోయిన ఆదివారాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మా ఆయన మొహం ముడుచుకుని, మీరిద్దరూ ముందే కూడబలుక్కుని వస్తారని నింద వేసేవాడు.

నేను ఇక్కడి తెలుగు బడిలో తెలుగు చెబుతాను. నా తెలుగు మీద నాకు గర్వం ఉంది, దాచుకోను. కానీ వదిన నోట్లో పలికే సామెతలు, పొడుపు కథలు నాకు సగం కూడా రావు. గుడిలో శుక్రవారం భజనలో ముందు కూర్చుని పుస్తకం పట్టుకుని పాడేది ఆవిడే. సరిగ్గా ఎక్కడ పేజీ తిప్పాలో అక్కడే తిప్పేది. బడి పిల్లలకు ఆవిణ్ణి చూపించి, చదువంటే అలా ఉండాలని చెప్పాను కూడా.

ఆ ఆట అట్టలు మా అత్తగారు చేసినవి. వదినకు పద్నాలుగేళ్ళున్నప్పుడు ఒక వేసవిలో తల్లీ కూతురూ కూర్చుని పాత శుభలేఖలు కత్తిరించి చేశారట. వదిన కత్తెర పట్టుకుంటే అత్తగారు కలం పట్టుకున్నారు. ఒక అట్ట వెనక బంగారు రంగు వినాయకుడి చెవి ఉంటుంది, ఇంకొకదాని వెనక అరటి ఆకు కొస. ఒకదాని మీద నూనె మరక, ఒకదానికి మూల లేదు. అత్తగారు పోయాక కూడా ఆ కట్టతోనే ఆడుతూ వచ్చాం. పోయిన వర్షాకాలంలో మా క్వార్టర్ పైకప్పు కారి బీరువాలోకి నీళ్ళు దిగాయి. అట్టలు ఉబ్బిపోయాయి, కొన్ని ఒకదానికొకటి అంటుకున్నాయి.

అప్పుడు నాకు వచ్చింది ఆలోచన. నేనే కొత్త కట్ట చేస్తానని కంకణం కట్టుకున్నాను. నెల రోజులు బడి నుంచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని రెండు వందల మాటలు ఏరి, ఒక్కోదాని కింద మూడేసి మాటలు పెట్టి టైపు చేశాను. ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక ప్రింటింగ్ దుకాణానికి తీసుకెళ్ళి మందపాటి తెల్లటి కాగితం మీద వేయించి, ప్లాస్టిక్ పొర ఎక్కించి, మూలలు గుండ్రంగా కత్తిరించమన్నాను. దుకాణం నడిపే బెంగాలీ ఆయన ఇది ఏ భాష అని అడిగాడు. చెప్తే, ఊళ్ళో ఇంతమంది తెలుగువాళ్ళున్నారు గానీ ఈ అక్షరాలు తన దగ్గరికి ఎవరూ తేలేదు, ఇదే మొదటిసారి అన్నాడు. నేను ఇంకాస్త పొంగిపోయాను.

ఆ ఆదివారం కట్ట విప్పి చాప మీద పెట్టాను. అప్పటికి కొంతకాలంగా ఇక్కడి పెద్ద ఇంజనీరింగ్ సంస్థలో చదువుకునే పిల్లలు ముగ్గురు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. గుడిలో పరిచయమయ్యారు. వరంగల్ వైపు అమ్మాయి ఒకతె, నెల్లూరు వైపు అబ్బాయిలు ఇద్దరు. వాళ్ళు అట్టలు పట్టుకుని చూసి బాగున్నాయన్నారు. నేను మొదటి అట్ట వదిన చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. “కళ్ళజోడు మర్సిపోనాను. నువ్వు కానివ్వు” అంది.

తర్వాతి ఆదివారం కళ్ళజోడు తెచ్చుకుంది, కానీ తలనొప్పి. తాను లెక్కపెడతానంది. ఆ తర్వాతి వారం ఊరికే ఊహిస్తానంది. ఒక మాట ఎవరైనా సగం చెప్పేలోగా ఆవిడ పట్టేసేది, అందులో మార్పు లేదు. అట్ట మాత్రం ముట్టుకునేది కాదు. నేను చూస్తూ వచ్చాను. నాకు కోపం ఒకేసారి రాదు, రోజూ కొంచెం కొంచెం కూడబెట్టుకుంటాను.

నాలుగో ఆదివారం నేనే ఒక అట్ట తీసి ఆవిడ ముందుకు చాపాను. “ఒక్కటి చెప్పండి వదినా” అన్నాను. ఆవిడ దాన్ని తీసుకుని, చూడకుండానే కట్ట మీద బోర్లా పెట్టేసింది. “ఇయి బాలేవు. మా అమ్మ రాసినవే బాగుంటాయి” అంది.

నెల రోజుల నా కష్టం నా కళ్ళ ముందు మెదిలింది. “అయితే మీ అమ్మగారి అట్టలకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేయమంటారా?” అన్నాను, ఆ పిల్లల ముందే. వదిన లేచి, మెట్లు దిగి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. గ్లాసులో సగం టీ ఉండిపోయింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదని బడిలో పిల్లల చేత వందసార్లు రాయించాను. నాకు ఒక్కసారైనా ఎవరూ రాయించలేదు.

తర్వాతి ఆదివారం గేటు చప్పుడు కాలేదు. ఆ పై ఆదివారం కూడా కాలేదు. మా ఆయన వెళ్ళి పిలిస్తే ఆఫీసు పని ఉందని చెప్పిందట. ఆయన తిరిగొచ్చి, పాత అట్టలు ఎండబెట్టి తీస్తే సరిపోతుంది కదా అన్నాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నా కోపమంతా ఆయన మీద పడింది. తీయనన్నాను. ఆట సాగింది గానీ కుంటుతూ సాగింది. పిల్లలు ముగ్గురూ ఊహించడానికి ముందుండేవాళ్ళు. చెప్పమంటే “మీరే చెప్పండి ఆంటీ” అని కట్ట నా వైపు తోసేవాళ్ళు. మొహమాటమనుకున్నాను. రెండు వందల అట్టలూ నేనే చెప్పుకుంటూ పోతుంటే అది వరండాలా లేదు, నా తరగతి గదిలా ఉంది.

రెండు వీధులు నడిచి వెళ్ళి, వదినా తప్పయిందని ఒక్క మాట అంటే అయిపోయేది. నా కాళ్ళు కదల్లేదు. ఎదురుగా నిలబడితే మళ్ళీ నోరు ఏం చేస్తుందోనన్న భయం కూడా ఉంది. అందుకని ఉత్తరం రాశాను. నాకు చేతనైన పని అది. మంచి తెల్లకాగితం మీద, నా ముత్యాల్లాంటి పెద్ద అక్షరాలతో, ఎడం ఎడంగా రెండు పేజీలు. మడిచి, గోంగూర పప్పు గిన్నెతో పాటు మా ఆయన చేతికిచ్చి పంపించాను.

మర్నాడు గిన్నె తిరిగొచ్చింది. ఎవరింటి గిన్నెనూ ఖాళీగా తిప్పి పంపకూడదు కదా, అందులో రెండు జామకాయలున్నాయి. జవాబు మాత్రం లేదు. ఫోన్ చూశాను. అక్కడా లేదు. వదిన ఫోన్లో ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసేది. నేను తెలుగు అక్షరాల్లో ఎంత పొడవు సందేశం పెట్టినా, తిరిగి ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకునేది. ఆ బొటనవేలు చూసి ఎన్నోసార్లు ఒళ్ళు మండింది. ఈసారి అది కూడా రాలేదు. వారమైంది, రెండు వారాలైంది. క్షమించమని రెండు పేజీలు రాస్తే జామకాయలు పంపుతుందా అని నేను ఆ జామకాయలు తినకుండా వాడిపోనిచ్చాను.

రెండు వారాలు దాటాక ఒక గురువారం, సాయంత్రం నాలుగింటికి గేటు చప్పుడైంది. మా ఆయన ఇంకా రైల్వే వర్క్‌షాప్‌లో డ్యూటీ నుంచి రాలేదు. నేను బడి చీర కూడా మార్చుకోలేదు. వదిన ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, భుజాన సంచి ఉంది. వరండాలో కుర్చీ వేస్తే కూర్చోలేదు. సంచిలోంచి నా ఉత్తరం తీసింది. మడతల దగ్గర నలిగిపోయి ఉంది, ఎన్నిసార్లు విప్పి మడిచిందో.

“ఇందులో ఏటి రాసినావు?” అంది.

నాకు మండింది. “చదవలేదా? రెండు వారాల నుంచి సంచిలో పెట్టుకుని తిరుగుతున్నారా?” అన్నాను.

“సదవలేదు.”

“అంత తీరిక లేదా వదినా మీకు?”

“తీరిక ఉంది. నాకు రాదు.”

“ఏం రాదు?”

“తెలుగు సదవడం రాదు మరదలా. ఎప్పుడూ రాలేదు.”

నేను నవ్వబోయాను. ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. నాతో వేళాకోళం ఆడే మొహం కాదది. కళ్ళు నేలమీదున్నాయి. ఆఫీసులో పెద్ద పెద్ద అధికారుల ముందు కూడా కళ్ళు దించని మనిషి.

అప్పుడు కూర్చుని చెప్పింది. ఆవిడ చిన్నప్పుడు మామగారికి టాటానగర్ వైపు ఒక చిన్న స్టేషన్లో పోస్టింగ్. అక్కడున్నది హిందీ బడి ఒక్కటే. పన్నెండేళ్ళ వయసులో ఖరగ్‌పూర్ వచ్చేసరికి తెలుగు బడిలో వేస్తే మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోవాలి. అందుకని హిందీలోనే కొనసాగించారు. తమ్ముడికి ఐదేళ్ళు కాబట్టి వాడు తెలుగు బడిలో చేరాడు. హిందీ చదువుతుంది, ఇంగ్లీషు చదువుతుంది, ఇందా బస్సుల మీద బెంగాలీ బోర్డులు కూడా చదువుతుంది. తెలుగు ఒక్కటే రాదు. నేర్చుకుందామనుకునే వయసు వచ్చేసరికి తండ్రి పోయాడు, ఉద్యోగం వచ్చింది, తమ్ముడికి తాను పెద్దదిక్కయింది. పెద్దదిక్కు చేత అ ఆలు ఎవరు దిద్దిస్తారు?

“వాడి సేత ప్రతి సాయంత్రం పాఠాలు గట్టిగా సదివించేదాన్ని. వాడు అక్క భయం పెడతాది అనుకునేవాడు. నేను నేర్సుకునేదాన్ని” అంది. పద్యాలు, సామెతలు, గుడి పాటలు అన్నీ అలా చెవిన పడి నిలిచినవే. భజనలో పుస్తకం చేతిలో ఉండేది, పాట మనసులో ఉండేది. పేజీ ఎప్పుడు తిప్పాలో పక్కావిణ్ణి చూసి తెలుసుకునేది. అత్తగారు అట్టలు రాస్తూ ఒక్కొక్కటీ పైకి చదివారట. వదినకు ఏ శుభలేఖ ముక్క మీద ఏ మాట ఉందో ఆ వేసవిలోనే వచ్చేసింది. ఈ సంగతి తల్లికి తెలుసు. తల్లితోనే పోయింది. తమ్ముడికి కూడా తెలియదు.

నా తెల్లటి అట్టలు రెండు వందలూ ఒక్కలాగే ఉన్నాయి. ఎటు తిప్పినా ఒక మరక లేదు, ఒక చిరిగిన మూల లేదు. నేను ఎంత ముచ్చటపడి చేయించానో అంత చక్కగా ఆవిణ్ణి ఆటలోంచి గెంటేశాను. 

“మరి ఉత్తరం ఎవరి చేతనైనా చదివించుకోవచ్చు కదా” అన్నాను.

“ఎవరి సేత? ఆఫీసులో ఉన్నారు తెలుగోళ్ళు. కడుపు సించుకుంటే కాళ్ళ మీద పడతాది. తమ్ముడి దగ్గరికి తెస్తే, అక్కకి సదువు రాదని వాడికి తెలుస్తాది.” ఉత్తరం మడత విప్పింది. “రెండు పేజీలు ఉంది. మంచి మాటకి రెండు పేజీలు పట్టదు కదా. ఇంక మా ఇంటికి రావద్దని రాసినావు అనుకున్నాను. అదే అయితే నీ నోటితోనే ఇందామని వచ్చినాను.”

రెండు వారాలు ఆవిడ ఆ మాట మోసుకుని తిరిగింది. నేనేమో జామకాయల మీద కసి తీర్చుకుంటున్నాను. ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవడం ఇష్టం లేక చేయి చాపి ఉత్తరం తీసుకున్నాను.

“అక్షరాలు నేను నేర్పిస్తాను వదినా, నెల రోజుల్లో వచ్చేస్తాయి” అన్నాను.

“అది తరవాత సూద్దాం. ముందు ఇది సదువు.”

చదవడం మొదలుపెట్టాను. ‘వదిన గారికి నమస్కరించి రాస్తున్నాను. ఆ రోజు పిల్లల ముందు నేనన్న మాట తప్పు. అది నోరు జారి వచ్చిన మాట కాదు, కోపంతో అన్న మాట. అందుకే అది ఇంకా పెద్ద తప్పు.’ ఇంతవరకు బాగానే చదివాను. ఆ తర్వాత పేరా చూసేసరికి ఆగిపోయాను. నా సంగతి నాకు తెలుసు కదా. క్షమాపణ రాయడానికి కూర్చున్నా మధ్యలో రెండు చురకలు పెట్టకుండా నా కలం ఊరుకోదు. అక్కడ అలాంటిది ఒకటి ఉంది, పేరా అంత పొడవున.

వదిన ఎదురుగా కూర్చుని నా పెదాల వైపు చూస్తోంది. కాగితం నా చేతిలో ఉంది. అందులో నేను ఏది చదివితే అదే ఉన్నట్టు. ఆ పేరా దాటేసి, కింద ఉన్న మంచి మాట చదివితే ఆవిడకు ఎప్పటికీ తెలియదు. నిజం చెబుతున్నాను, దాటేశాను. ‘మీ మనసు నొప్పించినందుకు నన్ను మన్నించాలి’ అని కిందికి వెళ్ళిపోయాను.

“అక్కడ బోలెడు రాసి ఉంది. నువ్వు ఒక్క ముక్కలో తేల్సేసినావు” అంది వదిన. కాగితం మీద వేలు పెట్టి చూపించింది, సరిగ్గా ఆ పేరా మీదే. “రెండు వారాలు దీన్నే సూస్తన్నాను. ఇక్కడ నువ్వు గట్టిగా నొక్కి రాసినావు, కాయితం ఎనక్కి ఉబ్బింది. అది సదువు.”

చదివాను.  ‘కానీ ఒక మాట అడుగుతాను. ఇరవై ఆరేళ్ళుగా ఆదివారం ఆదివారం మీకు ఇష్టమైనవే వండాను. ఈ ఇంటి కోసం నా చేత్తో ఒక్క వస్తువు చేస్తే దాన్ని ముట్టుకోవడానికి కూడా మీకు మనసు రాలేదు. అమ్మ చేసింది అమ్మ చేసిందే, బయట నుంచి వచ్చినది బయట నుంచి వచ్చిందే అని చెప్పినట్టయింది.’

తలెత్తలేదు. ఆవిడ లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను.

“నిజమే రాసినావు. ముట్టుకోలేదు” అంది వదిన. “ముట్టుకుంటే సదవాలి కదే.” నా మోకాలి మీద చేయి వేసింది. “మిగిలింది కూడా సదివేయి.”

మన్నించమన్న వాక్యం పోగా మిగిలింది నాలుగే వాక్యాలు. ‘మీరు రాకపోతే ఆట సాగడం లేదు. వంటలో ఉప్పు చూడమని అడగడానికి మనిషి లేదు. మీరు లేని ఆదివారం నాకు మీ తమ్ముడి మీద కోపం కూడా సరిగ్గా రావడం లేదు. దయచేసి రండి.’

వదిన “తమ్ముడి మీద కోపం ముక్క మళ్ళీ సదువు” అంది. చదివాను. ఇంకోసారి చదవమంది. మూడోసారి ఆవిడ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను లోపలికి వెళ్ళి టీ పెట్టాను. అట్టల సంగతి కదిపి, పాతవి ఎండబెట్టి తీస్తానన్నాను. వద్దంది. “అయి నాకు కంఠతా వచ్చేసినాయి. అందులో ఇంక ఆటేటుంది? నలభై ఏళ్ళు నేను గెలిసినాను అంటే గెలవనేటి? ఆ కొత్తవే ఉంచు.” వెళ్ళబోతూ గేటు దగ్గర ఆగి, ఎవరికీ చెప్పవద్దంది. చెప్పాలనుకుంటే తానే చెబుతుందట.

ఆదివారం పొద్దున పదింటికి గేటు చప్పుడైంది. గోల్‌బజార్ నుంచి చేపలు తెచ్చింది. మా ఆయన అక్కను చూసి చిన్నపిల్లాడిలా వెనకే తిరిగాడు. భోజనాలయ్యాయి, చాప పరిచాను.  ఆవిడ పక్కన కూర్చుని, వంతు వచ్చినప్పుడు ఏదో ఒక వంక పెట్టి నేనే అట్ట తీసుకోవాలని ముందే అనుకున్నాను. కానీ నేను నీళ్ళ చెంబు పట్టుకుని వచ్చేలోగా వరంగల్ అమ్మాయి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. చాపకు ఈ చివర నేను, ఆ చివర వదిన.

రెండు వంతులు గడిచాయి. మూడోది వదిన వంతు. “ఈసారి నేను చెబుతాను” అని కట్ట వైపు చేయి చాపాను. వదిన చేయెత్తి నన్ను ఆపింది. తానే వంగి ఒక అట్ట తీసింది. దాని వైపు ఒకసారి చూసింది. తర్వాత, అన్నంలోకి ఉప్పు అందుకోమని అడిగే గొంతుతో పక్కనున్న అమ్మాయితో అంది.

“నాకు తెలుగు సదవడం రాదమ్మా. ఇదేటో నా సెవిలో సెప్పు.”

మా ఆయన లెక్కపెట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అక్క వైపు చూశాడు. ఆవిడ కూడా తమ్ముడి వైపు చూసింది, తప్పించుకోకుండా.  ఆ అమ్మాయి అట్ట తీసుకుని దగ్గరగా పెట్టుకుంది. పెదాలు కదిలాయి. చెవుల దాకా ఎర్రబడింది.

“ఆంటీ, నాక్కూడ సరిగ రాదు” అంది. “చిన్నప్పటి సంది ఇంగ్లీష్ మీడియమే. అక్షరం అక్షరం కూడుకుంటే గాని తెల్వది. గీ లోపల అరవై అయిపోతది.”

అట్టను పక్క అబ్బాయికిచ్చింది. అతను దాన్ని చూసినట్టు కూడా నటించలేదు, తల గోక్కుంటూ రెండోవాడికి ఇచ్చాడు. రెండోవాడు మొదటి అక్షరం పలికి ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ వాళ్ళు కట్ట నా వైపు ఎందుకు తోశారో అప్పుడు తెలిసింది. నేనెంత మంచి తెలుగు టీచర్నో కూడా తెలిసింది. అట్ట మా ఆయన చేతికి వచ్చింది. ఆయన చదవగలడు. కానీ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, తల తిప్పకుండా దాన్ని నాకు అందించాడు.

నేను చాప మీద మోకాళ్ళతో నడిచి వదిన దగ్గరికి వెళ్ళాను. ఆవిడ జుట్టు వెనక్కి తోసుకుని చెవి నా వైపు వంచింది. మాట చెప్పాను. కింద ఉన్న మూడు మాటలూ చెప్పాను. “ఇంకేటైనా ఉందా?” అంది. లేదన్నాను. “సరే, లెక్కెట్టండి” అని, జట్ల ఊసు లేకుండా అందరి వైపు తిరిగింది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడతో ఏ మాటన్నా గట్టిగానే అన్నాను. మెల్లగా చెప్పడం అదే మొదటిసారి.